కోడు అందరిదీ, తాళం ఒక్కరిదీ

"ఓపెన్ సోర్స్ అన్నాక ఎవరైనా వాడుకోవచ్చు కదా, మరి ఈ 8 శాతం గొడవేంటి?"

2024 సెప్టెంబరు నుంచీ ఈ ప్రశ్న నన్ను కనీసం అరడజను మంది అడిగారు. అందరూ మన ఐటీవాళ్ళే. జావా, శాప్, డాట్‌నెట్ మనుషులు. వాళ్ళ దృష్టిలో వర్డ్‌ప్రెస్ అంటే పీహెచ్‌పీలో రాసిన ఏదో బ్లాగుల సరంజామా. లోకంలో ఉన్న వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దానిమీదే నడుస్తున్నాయంటే నమ్మరు. నేను 2007 నుంచీ ఈ సరంజామాతో కాపురం చేస్తున్నాను. కొన్నాళ్ళు జీతానికి, ఆ తర్వాత సరదాకి. ఇప్పటికీ చుట్టాలవీ స్నేహితులవీ కలిపి 11 సైట్లు నా నెత్తిన ఉన్నాయి. (ఇంట్లో ఒక సాఫ్ట్‌వేరు అబ్బాయి ఉంటే ఈ వెట్టిచాకిరీ తప్పదు, మీకు తెలియంది కాదు.) అంచేత అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, ఇక్కడ రాసి లంకె ఇచ్చేద్దామనుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 2010లో మాట్ ముల్లెన్‌వెగ్ చేసింది ఒప్పు. 2024లో అదే మనిషి చేసింది తప్పు. పైకి చూస్తే రెండు గొడవలూ ఒక్కలాగే ఉంటాయి. "మా సాఫ్ట్‌వేరు మీద డబ్బు చేసుకుంటూ మా మాట వినరా?" అన్నదే రెండిట్లోనూ. అయినా రెండూ ఒకటి కావని నా వాదన.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2001లో మిషెల్ వాల్‌డ్రిఘి అనే ఆయన బీటూ అని ఒక బ్లాగు సాఫ్ట్‌వేరు రాశాడు. కొన్నాళ్ళకి ఆయన జాడ లేకుండా పోయాడు. వాడేవాళ్ళేమో దిక్కులు చూస్తున్నారు. 2003 జనవరిలో 19 ఏళ్ళ ముల్లెన్‌వెగ్, నేను వాడే సాఫ్ట్‌వేరుని పట్టించుకునే నాథుడు లేడు, దీన్ని తీసుకుని కొత్తగా మొదలుపెడదామా అని తన బ్లాగులో రాశాడు. ఇంగ్లండు నుంచి మైక్ లిటిల్ అనే ఆయన "నేనూ వస్తాను" అన్నాడు. అదే సంవత్సరం మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి విడుదల. ఇంతా జరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది, ఎందుకంటే బీటూ జీపీఎల్ లైసెన్సులో ఉంది. తీసుకో, మార్చుకో, పంచుకో. కానీ పంచేటప్పుడు నీకు దొరికిన హక్కులన్నీ అవతలివాడికీ ఇవ్వు. అంతే షరతు.

ఇక్కడే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ షరతు ముల్లెన్‌వెగ్‌కీ వర్తిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో బీటూ కోడు ఉంది, ఆ తర్వాత వందలమంది రాసిన కోడు ఉంది. "రేపట్నుంచి దీనికి వేరే లైసెన్సు" అని ఆయన ఒక్కడూ అనలేడు.

అలా అనగలిగినవాళ్ళు ఏంచేస్తారో 2004 మేలో లోకం చూసింది. అప్పట్లో బ్లాగులంటే మూవబుల్ టైప్. దాన్ని తయారుచేసిన సిక్స్ అపార్ట్ కంపెనీ 3.0 విడుదల చేస్తూ లైసెన్సు ధరలు మార్చింది. ఒకరిద్దరు కాక ఎక్కువమంది రాసే బ్లాగులుంటే డబ్బు కట్టాలి. జనం కట్టలు తెంచుకుని వర్డ్‌ప్రెస్ వైపు పరిగెత్తారు. 2007 చివర్లో మూవబుల్ టైప్‌ని కూడా జీపీఎల్ చేశారు కానీ అప్పటికి బస్సు వెళ్ళిపోయింది.

సరే, థీముల దగ్గరికొద్దాం. 2005 ఫిబ్రవరిలో వచ్చిన 1.5తో థీముల పద్ధతి మొదలైంది. తెలుగు వర్డ్‌ప్రెస్‌లో దీనికి 'అలంకారం' అని పేరు. ఎంత చక్కటి మాటో! కానీ ఆ మాట వినగానే ఇదేదో పైపై ముస్తాబు అనుకుంటాం, అక్కడే చిక్కు. థీము అంటే రంగులూ బొమ్మలే కాదు, అందులో పీహెచ్‌పీ ఉంటుంది. అది మీ సర్వర్లో, మీ డేటాబేసు పక్కన కూర్చుని నడుస్తుంది.

కూడలి, జల్లెడ ఉన్న రోజుల్లో సొంత డొమైను కొనుక్కున్న తెలుగు బ్లాగరులకి ఈ ముచ్చట గుర్తుండే ఉంటుంది. గూగుల్లో 'ఫ్రీ థీమ్స్' అని వెతికి, ఏదో ఒక సైటు నుంచి జిప్పు ఫైలు దింపుకుని ఎక్కించేవాళ్ళం. మా బాబాయి అన్నమయ్య కీర్తనలకి అర్థాలు రాసుకునే సైటుకి ఆయనే అలా ఒక థీము దింపుకున్నారు. పసుపూ ఎరుపూ, గుడి గోపురంలాగా ముచ్చటగా ఉంది. ఓ రోజు ఫోన్ చేసి "ఒరేయ్, మన సైటు అడుగున ఇంగ్లీషులో ఏదో పేకాట అని ఉందిట, ఎవరో చెప్పారు, చూడు" అన్నారు. చూస్తే, ఫుటర్ ఫైల్లో చదవడానికి వీల్లేకుండా బేస్64లో చుట్టిన నాలుగు వందల అక్షరాల ముద్ద. విప్పితే ఒక ఆన్‌లైన్ కేసినోకీ, ఒక అప్పులిచ్చే సైటుకీ లంకెలు. ఆ ముద్దని తీసేస్తే పేజీ తెల్లబోతుంది, అలా రాశాడు మహానుభావుడు. వేంకటేశ్వరుడి కీర్తనల కింద జూదం ప్రకటన! (కుబేరుడి అప్పు సంగతి తెలిసే అప్పులవాడి లంకె పెట్టాడేమోనని బాబాయి జోకు.)

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. గూగుల్ ర్యాంకుల కోసం థీము రాసేవాళ్ళకి డబ్బిచ్చి ఫుటర్లో లంకెలు పెట్టించుకోవడం అప్పట్లో పెద్ద వ్యాపారం. ఈ స్పాన్సర్డ్ థీముల మీద 2007లో పెద్ద రభస జరిగింది. 2008లో వర్డ్‌ప్రెస్.ఆర్గ్ తన సొంత థీముల డైరెక్టరీ తెరిచి, ప్రతి థీమునీ చూసి లోపలికి రానివ్వడం మొదలుపెట్టింది. ఆ డిసెంబర్లోనే సుమారు 200 థీముల్ని ఒక్కసారిగా పీకేశారు. వాటిలో చాలావాటికి జీపీఎల్ కాని థీములమ్మే దుకాణాలతో సంబంధం ఉంది. అమ్మేవాళ్ళు గగ్గోలు పెట్టారు. నాకైతే ఆ రోజున హాయిగా అనిపించింది. బాబాయి లాంటివాళ్ళు నమ్మి దింపుకోవడానికి ఒక చోటంటూ ఏర్పడింది కదా. ఆ తలుపుకి ఎవరు కాపలా, వాళ్ళమీద ఎవరు కాపలా అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ రాలేదు.

ఇక అసలు యుద్ధం. క్రిస్ పియర్సన్ అని మంచి డిజైనరు, థీసిస్ అనే థీము అమ్మేవాడు. ఒక సైటుకి 87 డాలర్లు, డెవలపర్లకైతే 164. వేలమంది కొన్నారు. కానీ దాని లైసెన్సు జీపీఎల్ కాదు. కొన్నవాళ్ళు ఇంకొకరికి ఇవ్వకూడదు, మార్చి పంచకూడదు.

థీము జీపీఎల్‌లో ఉండి తీరాలా? 2009 జులైలో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ లాయర్లు ఇచ్చిన అభిప్రాయాన్ని ముల్లెన్‌వెగ్ ప్రచురించాడు. థీములోని పీహెచ్‌పీ వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లని పిలుస్తూ, దాంతో కలిసి ఒకే ప్రోగ్రాముగా నడుస్తుంది కాబట్టి అది వర్డ్‌ప్రెస్ నుంచి పుట్టినదే, జీపీఎల్ వర్తిస్తుంది. సీఎస్సెస్, బొమ్మలు మాత్రం విడిగా నిలబడగలవు, వాటికి రచయిత తన ఇష్టమొచ్చిన లైసెన్సు పెట్టుకోవచ్చు. ఇదీ దాని సారాంశం. పియర్సన్ వాదన వేరు. నేను రాసింది నా సొంత కోడు, అది వర్డ్‌ప్రెస్‌ పైన నడుస్తుంది తప్ప దానిలోంచి పుట్టలేదు అని.

ఈ రెండో వాదన వినడానికి అంత తీసిపారేసేది కాదు. విండోస్ మీద నడిచే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్‌ది అయిపోతుందా అని మనవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. నా సమాధానం: ఒక థీము ఫైలు తెరిచి చూడండి. వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లు తీసేస్తే మిగిలేది కొన్ని డివ్‌లూ, ఒక ముగింపు ట్యాగూ. ఇల్లు లేకుండా గుమ్మం నిలబడదు.

2010 జులైలో మిక్సర్జీ అనే ఇంటర్వ్యూల కార్యక్రమంలో ఇద్దరూ ముఖాముఖీ తలపడ్డారు. పియర్సన్ తగ్గలేదు. ఇటు ముల్లెన్‌వెగ్ కూడా, థీసిస్ వదిలేస్తే ఇంకో జీపీఎల్ ప్రీమియం థీము నేను కొనిస్తానని ప్రకటించాడు. ఆ వారంలోనే కొందరు డెవలపర్లు రెండు కోడులూ పక్కపక్కన పెట్టి పోల్చి, థీసిస్‌లో వర్డ్‌ప్రెస్ నుంచి యథాతథంగా ఎత్తిన ముక్కలున్నాయని చూపించారు. ఇంక వాదించడానికేముంది? ఇంటర్వ్యూ అయిన ఎనిమిది రోజులకి పియర్సన్ దిగొచ్చి పీహెచ్‌పీ వరకూ జీపీఎల్, మిగతాది సొంతం అని లైసెన్సు మార్చాడు. కోర్టు దాకా వెళ్ళలేదు, అంచేత ఈ గొడవలో తీర్పంటూ ఏమీ రాలేదు.

దీనికో వెగటు కొసరు ఉంది. 2014లో థీసిస్.కామ్ డొమైను అమ్మకానికొస్తే ముల్లెన్‌వెగ్ కంపెనీ ఆటోమాటిక్ లక్ష డాలర్లు పోసి కొని, తన థీముల బ్లాగుకి మళ్ళించింది. పియర్సన్ ఫిర్యాదు చేసి 2015లో ఓడిపోయాడు. చట్టప్రకారం సరే. కానీ గెలిచిన యుద్ధం ముగిసి నాలుగేళ్ళయ్యాక ఈ పని ఎందుకండీ? ఆ రోజే ఈ మనిషిని గురించి నాకు కొంచెం అనుమానం మొదలైంది.

అయినా 2010లో ఆయనది ఒప్పే అంటాను. ఎందుకంటే ఆయన పియర్సన్‌ని కట్టమన్న తాడు తన చేతికీ కట్టి ఉంది. "నేను ఏ షరతుకి లోబడ్డానో నువ్వూ దానికే లోబడు" అన్నాడు తప్ప, "నాకు ఇంత ఇయ్యి" అనలేదు.

దాని ఫలితం నేను స్వయంగా అనుభవించాను. ఆ పేకాట గోల తర్వాత బాబాయి సైటుకి 2011లో డబ్బు పెట్టి ఒక జీపీఎల్ థీము కొన్నాను. దుకాణం పేరు ఎందుకులెండి, మూడేళ్ళకి వాళ్ళు ఒక మెయిలు కూడా ఇవ్వకుండా మూసేసి పోయారు. థీములో తెలుగుకి తిప్పలున్నాయి. శీర్షికల లైన్ హైట్ ఇంగ్లీషు కొలతల్లో బిగించేశారు, కింద ఒత్తులు సగానికి తెగిపోయేవి. 'శ్రీవేంకటేశ్వర'లో వ ఒత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. తేదీలు ఇటాలిక్‌లో పెడితే తెలుగు అక్షరాలు తాగినవాడిలా పక్కకి ఒరిగేవి. అన్నీ సరిచేసుకున్నాను. పీహెచ్‌పీ వెర్షన్లు మారినప్పుడల్లా పాత ఫంక్షన్లు తీసి కొత్తవి పెట్టాను. ఇంకో ఇద్దరు తెలుగు బ్లాగరులు అడిగితే నేను మార్చిన కాపీ ఇచ్చాను. అమ్మినవాడు పోయినా థీము బతికే ఉంది. 14 ఏళ్ళు దాటింది. నా దృష్టిలో జీపీఎల్ అంటే ఇదీ, సిద్ధాంతం కాదు.

కానీ కోడు చేతిలో ఉంటే సరిపోతుందా? 2016లో జరిగిన ఒక సంగతి చూడండి. జెరిఫ్ లైట్ అని రొమేనియా వాళ్ళ థీము, 3 లక్షలకి పైగా సైట్లలో ఉండేది. పూర్తి జీపీఎల్. కంటెంటుని థీములో బంధించకూడదు, అది ప్లగిన్ పని అన్న నియమం కింద దాన్ని డైరెక్టరీ నుంచి తీసేశారు. నియమం మంచిదే, నేనూ సమర్థిస్తాను. కానీ థీము తిరిగి రావడానికి 5 నెలలు పట్టింది, ఈలోగా వాళ్ళ ఆదాయం 63 శాతం పడిపోయిందని వాళ్ళే చెప్పుకున్నారు. కోడు ఎక్కడికీ పోలేదు, ఎవరూ కాపీ కొట్టలేదు, లైసెన్సు గొడవ లేదు. తలుపు మూసుకుంది, అంతే.

మీ వర్డ్‌ప్రెస్ డాష్‌బోర్డులో 'అప్‌డేట్' నొక్కుతారే, అది ఎక్కడికి వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సర్వర్లకి. ఆ చిరునామా కోడులోనే రాసి ఉంది. లక్షల సైట్ల భద్రతా సవరణలు అటునుంచే రావాలి. ఆ సైటు లాభాపేక్ష లేని వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌దని నాతో సహా చాలామందిమి అనుకునేవాళ్ళం, మొహం చూస్తే అలాగే ఉంటుంది మరి. కాదట. అది ముల్లెన్‌వెగ్ సొంతం, వ్యక్తిగతం. 2024 గొడవలో ఆయన తరఫువాళ్ళే చెప్పారు. పేరు సంగతీ అంతే. 2010లో 'వర్డ్‌ప్రెస్' ట్రేడ్‌మార్కుని ఫౌండేషన్‌కి దానం చేశామని చప్పట్లు కొట్టించుకున్నారు. దాన్ని వ్యాపారానికి వాడుకునే హక్కు మాత్రం మళ్ళీ ఆటోమాటిక్‌కే దఖలు పడింది.

ఇక 2024. డబ్ల్యూపీ ఇంజిన్ పెద్ద హోస్టింగు కంపెనీ, వెనక సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థ. సెప్టెంబరు 20న పోర్ట్‌లాండులో జరిగిన వర్డ్‌క్యాంప్ వేదిక మీద ముల్లెన్‌వెగ్ వాళ్ళని ఏకిపారేశాడు. వర్డ్‌ప్రెస్ మీద కోట్లు గడిస్తూ తిరిగి ఇచ్చేది వారానికి కొన్ని గంటల పని అని. మర్నాడు వాళ్ళని క్యాన్సర్ అన్నాడు. ట్రేడ్‌మార్కు వాడుకుంటున్నందుకు మొత్తం రాబడిలో 8 శాతం డబ్బుగానో, మనుషుల పనిగానో ఇవ్వాలన్నది డిమాండు. వాళ్ళు ఒప్పుకోలేదు. 25న వాళ్ళ సర్వర్లని వర్డ్‌ప్రెస్.ఆర్గ్ నుంచి బహిష్కరించాడు. అక్కడ సైట్లు పెట్టుకున్నవాళ్ళు డాష్‌బోర్డు నుంచి ప్లగిన్లూ థీములూ అప్‌డేట్ చేసుకోలేకపోయారు. వాళ్ళకీ ఈ తగాదాకీ ఏ సంబంధమూ లేదు. మా బాబాయి లాంటివాళ్ళే బోలెడుమంది.

అక్టోబరులో ఇంకా ముదిరింది. వర్డ్‌ప్రెస్.ఆర్గ్‌లోకి లాగిన్ అవ్వాలంటే "నాకు డబ్ల్యూపీ ఇంజిన్‌తో సంబంధం లేదు" అని టిక్కు పెట్టాలి. 12వ తేదీన ఏసీఎఫ్ అనే ప్లగిన్‌ని, 20 లక్షలకి పైగా సైట్లలో ఉన్నదాన్ని, డబ్ల్యూపీ ఇంజిన్ చేతుల్లోంచి లాగేసుకుని సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ అని పేరు మార్చారు. ఇది ఫోర్కే కదా, జీపీఎల్ ఒప్పుకుంటుంది కదా అన్నారు సమర్థించేవాళ్ళు. కోడుని తీసుకెళ్ళి వేరే పేరుతో వేరే గుమ్మంలో పెట్టుకుంటే ఫోర్కు. బీటూ నుంచి వర్డ్‌ప్రెస్ అలాగే వచ్చింది. అదే చిరునామాలో, అదే ఇన్‌స్టాల్ లెక్కలతో, అవే రివ్యూలతో బోర్డు మార్చేసి, అప్‌డేట్ నొక్కినవాళ్ళ ఇంట్లోకి కొత్తదాన్ని పంపితే దాన్ని ఫోర్కు అనడానికి నాకు నోరు రావట్లేదు. లైసెన్సు ఇచ్చిన హక్కుతో ఇంత పని జరగదు. తాళం చేతిలో ఉంది కాబట్టి జరిగింది.

ముల్లెన్‌వెగ్ బాధలో న్యాయం లేదని కాదు. 2014లో ఆయన 'ఫైవ్ ఫర్ ద ఫ్యూచర్' అని, వర్డ్‌ప్రెస్ మీద బతికే కంపెనీలు తమ వనరుల్లో 5 శాతం తిరిగి ఇవ్వాలని కోరాడు. ఎంతమంది ఇచ్చారు? హైదరాబాదులో నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో ఏడాదికి వంద సైట్లు కట్టేవాళ్ళం, ఒక బగ్గు రిపోర్టు పంపడానికి కూడా "బిల్లబుల్ కాదు" అనేవాడు మేనేజరు. డబ్ల్యూపీ ఇంజిన్‌ని ఎవరైనా తిడితే నాకు మన అమీర్‌పేట, మాదాపూర్ గుర్తొస్తాయి. కానీ కోరడం వేరు, కుత్తుక పట్టుకోవడం వేరు. అందరూ ఇవ్వాలని రాసి ఉన్న నియమమైతే అందరికీ ఉండాలి. ఈ 8 శాతం ఏ లైసెన్సులో ఉంది? ముందురోజు దాకా లేని నియమం మర్నాటికి పుట్టింది, అదీ ఒక్క పోటీదారుకే.

డబ్ల్యూపీ ఇంజిన్ అక్టోబరు 2న కేసు వేసింది. ఆ మరునాటికి ఆటోమాటిక్‌లో 159 మంది, పరిహారం తీసుకుని వెళ్ళిపోవచ్చంటే, వెళ్ళిపోయారు. డిసెంబరు 10న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ప్రాథమిక ఉత్తర్వు ఇచ్చి బహిష్కరణ ఎత్తేయమంది, ఏసీఎఫ్ గుమ్మాన్ని తిరిగి ఇచ్చేయమంది. ఆ టిక్కు పెట్టె స్థానంలో "పిజ్జా మీద పైనాపిల్ రుచిగా ఉంటుంది" అని టిక్కు పెట్టమన్నారు. లక్షలమంది ఆధారపడ్డ వ్యవస్థలో ఈ వెటకారం చూసి నాకు నవ్వు రాలేదు.

2025 జూన్‌లో లైనక్స్ ఫౌండేషన్ నీడన ఫెయిర్ అని ఒక ప్రయత్నం బయటికొచ్చింది. అప్‌డేట్లు ఒకే సర్వరు నుంచి కాక వేర్వేరు చోట్ల నుంచి తెచ్చుకునే ఏర్పాటు, మన లైనక్స్ పంపిణీల్లో అద్దాల సర్వర్లున్నట్టు. తప్పు ఎక్కడుందో కనిపెట్టినవాళ్ళు చేసిన పని అనిపించింది. కోడుని ఫోర్కు చేయడం ఎప్పుడూ సమస్య కాదు, క్లాసిక్‌ప్రెస్ వాళ్ళు 2018లోనే చేశారు. 60 వేల ప్లగిన్ల దారిని ఫోర్కు చేయడం కష్టం.

నేను మటుకు ఒక పని చేశాను. 11 సైట్లలోనూ వాడుతున్న ప్లగిన్లూ థీములూ అన్నీ జాబితా రాసుకుని, వాటి కాపీలు నా సొంత గిట్ సర్వర్లో పెట్టాను. వారానికోసారి స్క్రిప్టు వెళ్ళి కొత్త వెర్షన్ వస్తే తెచ్చి పక్కన పెడుతుంది, తేడా చూసి నేను ఎక్కిస్తాను. జాబితా రాస్తే 11 సైట్లకీ కలిపి 43 ప్లగిన్లు తేలాయి, అందులో 9 ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తులేదు, తీసేశాను. మొత్తం రెండు ఆదివారాల పని. స్క్రిప్టు ఎవరికైనా కావాలంటే వ్యాఖ్యలో అడగండి, జీపీఎల్‌లోనే ఇస్తాను :)